కొండను తవ్వి పట్టింది ఒక ఎలుకనా, రెండు ఎలుకలనా?

ఈ ఎపిసోడ్ ఒక రాకెట్ దగ్గర మొదలై ఒక ఎలుక దగ్గర ఆగుతుంది. మధ్యలో 175 ఏళ్లపాటు కళ్ల ముందే ఉండి కూడా దొరకని పొరపాటు ఒకటి ఉంది.

2018 డిసెంబర్ 5, మన టైమ్ ప్రకారం తెల్లవారుజాము. ఇస్రో తయారుచేసిన జీశాట్-11 ఉపగ్రహం నింగిలోకి వెళ్లింది. బరువు 5,854 కిలోలు. అప్పటిదాకా ఇస్రో తయారుచేసిన ఉపగ్రహాల్లో అదే అన్నిటికన్నా బరువైంది. కానీ అది శ్రీహరికోట నుంచి ఎగరలేదు. అంత బరువుని ఆ కక్ష్య వైపు పంపే రాకెట్ మన దగ్గర లేదు కాబట్టి, దక్షిణ అమెరికాలో కూరూ అనే ఊరి నుంచి ఏరియాన్-5 మీద వెళ్లింది. 1981లో మన ఆపిల్ ఉపగ్రహం వెళ్లింది కూడా అక్కడి నుంచే.

కూరూ ఉన్న ప్రాంతం పేరు ఫ్రెంచ్ గయానా. బ్రెజిల్‌కి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉంటుంది. మ్యాప్‌లో దక్షిణ అమెరికా, పాలన మాత్రం ఫ్రాన్స్‌ది. భూమిలో 90 శాతానికి పైగా అడవే. రాకెట్ కేంద్రం దాటి కాస్త లోపలికి వెళ్తే చాలు, అమెజాన్ తరహా చిట్టడవి మొదలైపోతుంది.

ఆ అడవిలో పనిచేసేవాళ్లకి, అంటే చెట్లు కొట్టేవాళ్లకి, బంగారం తవ్వేవాళ్లకి, ట్రైనింగ్‌కి వచ్చే సైనికులకి, ఒంటి మీద ఒక పుండు వస్తుంది. మొదట దోమ కుట్టినట్టు చిన్న బొబ్బ. కొన్ని వారాలకి అది పగిలి గుంటలా మారుతుంది. పెద్దగా నొప్పి ఉండదు, కానీ నెలలు గడిచినా మానదు. మానినా మచ్చ ఉండిపోతుంది. అక్కడి జనం దీన్ని ‘పియాన్ బ్వా’ అంటారు, అడవి పుండు అన్నట్టు. డాక్టర్లు చర్మపు లీష్మానియాసిస్ అంటారు.

ఈ పేరు మనకి మరీ కొత్తది కాదు. బీహార్ వైపు కాలా అజార్ అనే జబ్బు ఉంది కదా, అది కూడా ఇదే కుటుంబం. 1903లో మద్రాసులో పనిచేసే డాక్టర్ చార్లెస్ డోనవన్, బ్రిటిష్ ఆర్మీ డాక్టర్ విలియం లీష్మన్, ఇద్దరూ ఆ పరాన్నజీవిని విడివిడిగా గుర్తించి ప్రకటించారు. ఇద్దరి పేర్లూ కలిపి ‘లీష్మానియా డోనవాని’ అని పేరు పెట్టింది రోనాల్డ్ రాస్. అవును, మన సికింద్రాబాద్ రాసే. ఆయన దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను.

ఫ్రెంచ్ గయానాలో పుండు తెప్పించేది లీష్మానియా గయానెన్సిస్. 1954లో అక్కడే, కయెన్ నగరంలో, ఫ్లాక్ అనే డాక్టర్ దీనికి ఆ పేరు పెట్టారు. దీన్ని మోసుకొచ్చేది శాండ్‌ఫ్లై, దోమ కంటే చిన్న ఈగ. సరే, ఈగకి ఎక్కడి నుంచి వస్తుంది? అడవిలో ఏదో ఒక జంతువు ఒంట్లో ఆ పరాన్నజీవి నిలవ ఉంటుంది. ఆ జంతువుని రిజర్వాయర్ అంటారు. మన నీళ్ల రిజర్వాయర్ లాంటిదే అనుకోండి. ఇంట్లో కుళాయి కట్టేసుకోవచ్చు, కానీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియకుండా సమస్య పూర్తిగా అర్థం కాదు.

కాబట్టి ప్రశ్న ఒకటే: ఆ జంతువు ఏది?

1978లో పారిస్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పనిచేసే ఫ్రాన్సిస్ పెటర్ ఒక చిన్న పేపర్ రాశారు. టైటిల్‌లోనే సగం కథ ఉంది. ఫ్రెంచ్ గయానాలో లీష్మానియాసిస్ వ్యాప్తి, దానికి సంబంధించి ఒక కొత్త ఎలుక జాతి ఉండటం, ఇదీ విషయం. జబ్బు కోసం ఎలుకల్ని చూస్తుంటే ఎలుకల లెక్కే తప్పని తేలింది. అందరూ ఒకటే అనుకున్న ముళ్ల ఎలుక నిజానికి రెండు జాతులు. కొత్తదానికి ఆయన ప్రోఎకిమిస్ క్యూవియరై అని పేరు పెట్టారు.

ఇప్పుడు అసలు ఈ ముళ్ల ఎలుక ఎవరో చూద్దాం.

ముళ్లు అనగానే ముళ్లపందిని ఊహించుకోకండి. దీని వీపు మీద మామూలు వెంట్రుకల మధ్య, బల్లపరుపుగా గట్టిగా ఉండే వెంట్రుకలు ఉంటాయి. చేత్తో నిమిరితే గరుకుగా తగులుతాయి, దూరం నుంచి చూస్తే తెలియదు. పైన ఎర్రటి గోధుమ రంగు, పొట్ట తెలుపు. పొడుగు మూతి, పెద్ద చెవులు, పెద్ద కళ్లు. రాత్రిపూట నేల మీద తిరుగుతూ రాలిన పళ్లు, గింజలు, పుట్టగొడుగులు తింటుంది. తోక చాలా తేలిగ్గా ఊడిపోతుంది. బల్లికి ఊడినట్టే, కానీ బల్లికి మళ్లీ వస్తుంది, దీనికి రాదు. అందుకే తోకలేని ముళ్ల ఎలుకలు అడవిలో బాగానే కనిపిస్తాయి.

ఇంకో మాట. ఇది మన ఇళ్లల్లో తిరిగే ఎలుకకి చుట్టం కాదు. గినీ పిగ్, చించిల్లా వీటికి దగ్గర. వీటి పిల్లలు పుట్టేటప్పుడే ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. మన ఎలుక పిల్లలు ఎర్రగా, కళ్లు మూసుకుని పుట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. చూడటానికి ఎలుకలా ఉంది కాబట్టి ఎలుక అన్నారు, అంతే. పేర్లు ఇలా జారిపోవడం మనకి తెలిసిందే. మన ‘పందికొక్కు’ ఇంగ్లీషులోకి వెళ్లి ‘బ్యాండికూట్’ అయింది. తర్వాత ఆ పేరుని ఆస్ట్రేలియాలో పొట్టసంచి ఉండే ఒక జంతువుకి తగిలించేశారు. దానికీ మన పందికొక్కుకీ సంబంధమే లేదు.

మళ్లీ ఫ్రాన్స్‌కి వెళ్దాం, 1803కి.

ఎతియెన్ జోఫ్రువా అనే శాస్త్రవేత్త. నెపోలియన్‌తో ఈజిప్టు వెళ్లొచ్చిన మనిషి. పారిస్ మ్యూజియంలో ఉన్న జంతువులకి ఒక కేటలాగ్ తయారుచేస్తున్నారు. అందులో కయెన్ నుంచి వచ్చిన ఒక ముళ్ల ఎలుక ఉంది. దానికి గయానెన్సిస్ అని పేరు పెట్టారు. కానీ ఆ కేటలాగ్ ప్రింట్ అయినా, ఆయన దాన్ని పూర్తిగా బయటికి వదల్లేదు. కొన్ని కాపీలు మాత్రం బయట తిరిగాయి. డ్రాఫ్ట్‌లో ఉండిపోయిన పోస్ట్‌ని ఎవరో స్క్రీన్‌షాట్ తీసి షేర్ చేసినట్టు. మరి అది పబ్లిష్ అయినట్టా, కానట్టా? ఈ గొడవ ఎంతకాలం నడిచిందంటే, జంతువుల పేర్ల విషయంలో తీర్పు చెప్పే అంతర్జాతీయ కమిషన్ 2002లో ‘చెల్లుతుంది’ అని తేల్చింది. దాదాపు 200 ఏళ్ల తర్వాత!

ఈలోగా 1817లో దెమారె అనే ఇంకో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కయెనెన్సిస్ అని పేరు పెట్టారు. దాంతో కొందరి పేపర్లలో గయానెన్సిస్, కొందరి పేపర్లలో కయెనెన్సిస్. అంటే ఒక జంతువుకి రెండు పేర్లు. కింద అడవిలో చూస్తే ఒకే పేరు కింద రెండు జంతువులు. ఒకే చోట రెండు రకాల తప్పులూ ఉన్నాయన్నమాట.

ఈ రెండు తప్పులూ నాకు బాగా పరిచయం. ఉద్యోగంలో ఉన్నప్పుడు కస్టమర్ల డేటాబేస్‌లో డూప్లికేట్లు తీసేసే పని నా మీద పడింది. ఒకే పేరు, ఒకే పుట్టినరోజు, ఒకే ఊరు ఉన్న రెండు రికార్డులు కనిపించాయి. ఒకరే అనుకుని కలిపేశాను. వాళ్లు ఇద్దరు వేరే వేరే మనుషులు. విడదీయడానికి వారం పట్టింది. ఎందుకంటే కలపడానికి ఒక కమాండ్ చాలు. విడదీయాలంటే మాత్రం ఏ లావాదేవీ ఎవరిదో ఒక్కొక్కటీ వెతకాలి. ఎలుకల చరిత్రలోనూ ఇదే జరిగింది. కొందరు శాస్త్రవేత్తలు విడగొట్టేవాళ్లు, కొందరు కలిపేసేవాళ్లు.

విడగొట్టేవాళ్లలో పెద్ద పేరు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన ఓల్డ్‌ఫీల్డ్ థామస్. క్షీరదాల్లో సుమారు 2,900 కొత్త పేర్లు పెట్టిన మనిషి. దక్షిణ అమెరికా నుంచి కలెక్టర్లు పెట్టెల కొద్దీ చర్మాలూ పుర్రెలూ పంపేవారు, ఈయన టేబుల్ దగ్గర కూర్చుని పోల్చి పేర్లు పెట్టేవారు. అలాంటి మనిషి కూడా 1928లో ముళ్ల ఎలుకల దగ్గర చేతులెత్తేశారు. వీటి లక్షణాలు ఎంత అస్థిరంగా ఉన్నాయంటే, ఏది జాతో, ఏది ఉపజాతో, ఏది ప్రాంతాన్ని బట్టి వచ్చిన తేడానో ఇప్పటికి తేల్చలేమని రాసేశారు. మరుసటి ఏడాది ఆయన చనిపోయారు.

1948లో ఫిలిప్ హెర్ష్‌కోవిట్జ్ కొలంబియా ముళ్ల ఎలుకల మీద రాస్తూ, రెండో దారి పట్టారు. చాలా పేర్లని కొద్ది జాతుల కిందకి చేర్చారు. అదే ఏడాది బ్రెజిల్‌కి చెందిన జువావ్ మూజెన్ తన దేశపు ముళ్ల ఎలుకల్ని వరసగా కూర్చి ఇంకో పెద్ద అధ్యయనం ప్రచురించారు. ఇద్దరూ తెలివైనవాళ్లే, కష్టపడినవాళ్లే. అయినా ఒకళ్ల లెక్క ఇంకొకళ్ల లెక్కతో కుదరదు.

ఎందుకు ఇంత కష్టం? కారణాలు మూడు చెప్తాను.

మొదటిది వయసు. పిల్లప్పుడు బొచ్చు మెత్తగా, బూడిద రంగులో ఉంటుంది. పెరిగేకొద్దీ ఎరుపెక్కుతుంది, ముళ్లు గట్టిపడతాయి. పైగా పెద్దయ్యాక కూడా ఎముకలు, పుర్రె నెమ్మదిగా పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి పెద్ద జాతికి చెందిన కుర్ర ఎలుక, చిన్న జాతికి చెందిన ముసలి ఎలుక పక్కపక్కన పెడితే కొలతలు ఒకేలా రావచ్చు. స్కేలు పెట్టి కొలిచినా మోసపోతాం.

రెండోది, ఒకే జాతిలో కూడా రంగు, సైజు చోటుని బట్టి మారతాయి. అంటే ఒకే జాతిలో ఉన్న తేడా, రెండు జాతుల మధ్య ఉన్న తేడా కంటే పెద్దగా కనిపించొచ్చు.

మూడోది లేబుల్. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది.

దీనికోసం ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ గురించి చెప్పాలి. డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతం కనిపెట్టిన మనిషి. అమెజాన్‌లో నాలుగేళ్లు తిరిగి 1852లో ఇంగ్లండ్‌కి బయల్దేరారు. నడిసముద్రంలో ఆయన ఎక్కిన ఓడకి నిప్పంటుకుంది. కూడబెట్టిన జంతువుల్లో, నోట్సుల్లో చాలా భాగం కాలిపోయింది. ప్రాణాలతో బయటపడి, అదే ఏడాది డిసెంబర్‌లో లండన్‌లో ఒక పేపర్ చదివారు, అమెజాన్ కోతుల మీద. అందులో ఆయన ఫిర్యాదు ఏంటంటే, మ్యూజియంలలో లేబుల్ మీద బ్రెజిల్ అనో అమెజాన్ అనో రాసి వదిలేస్తారు, నదికి ఏ ఒడ్డున పట్టుకున్నారో రాయరు. ఒక ఒడ్డున ఉండే కోతి రెండో ఒడ్డున ఉండదు. అక్కడి వేటగాళ్లకి ఈ సంగతి ముందే తెలుసు. ఫలానా జంతువు కావాలంటే వాళ్లు నది దాటి వెళ్లేవారు.

చూశారా? మ్యూజియంలో పెద్ద చదువులు చదివినవాళ్లు పోగొట్టుకున్న సమాచారం, అడవిలో వేటాడే మనిషి దగ్గర పదిలంగా ఉంది. మన భాషలో చెప్పాలంటే ఫోటో ఉంది, మెటాడేటా లేదు. ఏ చోట, ఏ తేదీన, ఏ ఒడ్డున అనేది లేకపోతే, ఆ చర్మం ఎంత బాగా భద్రపరిచినా సగం మూగది.

ఇక 1970లకి వద్దాం. కొత్త ఆయుధం వచ్చింది, క్రోమోజోములు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఎలుకకి కోల్చిసిన్ అనే మందు ఇస్తారు. అది కణం విభజన జరుగుతుండగా మధ్యలో ఆపేస్తుంది. అప్పుడు క్రోమోజోములు పొట్టిగా, విడివిడిగా, లెక్కపెట్టడానికి వీలుగా ఉంటాయి. ఎముక మూలుగ తీసి, పల్చటి ద్రావణంలో ఉంచితే కణాలు ఉబ్బుతాయి. గాజు పలక మీద చుక్కలు వేసి ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. ఫోటో తీసి జతలు జతలుగా పేర్చుకుంటారు.

1972లో అమెరికాకి చెందిన జేమ్స్ ప్యాటన్, ఆల్‌ఫ్రెడ్ గార్డ్‌నర్ పెరూ ముళ్ల ఎలుకల మీద ఇలాంటి పని ప్రచురించారు. పైకి ఒకేలా కనిపిస్తూ పక్కపక్కనే బతికే ఎలుకల్లో క్రోమోజోముల లెక్కలు వేరుగా ఉన్నాయి. ఇప్పుడు ఈ ప్రజాతి మొత్తంలో చూస్తే 14 నుంచి 62 దాకా రకరకాల సంఖ్యలు తెలుసు. మనుషులందరికీ సాధారణంగా 46. వీటిని చూస్తే ముఖం ఒకటే, లోపల మాత్రం నాలుగింతల తేడా!

ఫ్రెంచ్ గయానా చిక్కుముడిని కూడా ఇదే విప్పింది. పెటర్ కొత్త జాతి పేరు ప్రకటించిన మరుసటి ఏడాది, 1979లో, అర్జెంటీనాకి చెందిన ఓస్వాల్డో రైగ్, ఆయన సహచరులు రెండిటి క్రోమోజోములు లెక్కపెట్టారు. క్యూవియరైకి 28. పాత గయానెన్సిస్‌కి 40.

ఈ రెండు అంకెలు ఎందుకు అంత ముఖ్యం? చిన్న లెక్క చేద్దాం. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. 28 ఉన్నది, 40 ఉన్నది కలిసి పిల్లల్ని కంటే పిల్లకి 14, 20 కలిపి 34 ఉండాలి. రెండూ ఒకే అడవిలో తిరుగుతున్నాయి, కలవడానికి అడ్డంగా కొండా లేదు, నదీ లేదు. నిజంగా ఒకే జాతి అయితే 34 ఉన్నవి బోలెడు దొరకాలి. దొరికేవి 28వీ 40వీ అయితే, ఆ ఎలుకలు మనకంటే ముందే ఒకదాన్నొకటి వేరుగా గుర్తుపట్టుకున్నాయని అర్థం. మనకే 1803 నుంచి 1978 దాకా పట్టింది.

అయితే క్రోమోజోముల్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఇది కూడా రైగ్ బృందం పని వల్లే బాగా తెలిసింది. వెనిజులాలో దగ్గరి చుట్టాలైన ముళ్ల ఎలుకల్లో ప్రాంతం మారేకొద్దీ సంఖ్య నలభైల నుంచి 62 దాకా మారుతూ పోయింది. ఎక్కడ గీత గీసి ‘ఇటు ఒక జాతి, అటు ఒక జాతి’ అనాలి? సంఖ్య ఒక సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు.

అందుకే 1987లో ప్యాటన్ వెనక్కి వెళ్లి, మ్యూజియం పెట్టెలన్నీ మళ్లీ తెరిచారు. ఈసారి ఆయన రంగు, సైజు పక్కన పెట్టారు. వయసుతో తక్కువగా మారే గుర్తులు వెతికారు. ఒకటి, ముందు పళ్ల వెనక అంగిలి ఎముకలో ఉండే రెండు సన్నటి రంధ్రాల ఆకారం. రెండు, దవడ పళ్ల మీద మడతల సంఖ్య. మూడు, మగ ఎలుక అంగంలో ఉండే చిన్న ఎముక. నవ్వొద్దు, చాలా జంతువుల్లో ఆ ఎముక ఉంటుంది, జాతిని బట్టి దాని ఆకారం మారుతుంది. ఈ గుర్తులతో ముళ్ల ఎలుకలన్నిటినీ తొమ్మిది గుంపులుగా సర్దారు. థామస్ చేతులెత్తేసిన 59 ఏళ్లకి మొదటిసారి గట్టి మెట్టు ఒకటి దొరికింది. తమాషా ఏంటంటే, ఆ పేపర్ వచ్చిన పుస్తకం హెర్ష్‌కోవిట్జ్ గౌరవార్థం వేసింది. కలిపేసిన పెద్దాయనకి, విడగొట్టిన లెక్కని కానుకగా ఇచ్చారన్నమాట.

తర్వాత 1991-92లో ప్యాటన్, బ్రెజిల్ మనౌస్‌లోని అమెజాన్ పరిశోధన సంస్థకి చెందిన మరియా నజరే ద సిల్వా, ఇంకా జే మాల్కమ్ కలిసి పశ్చిమ బ్రెజిల్‌లో జురువా నది వెంట పనిచేశారు. నది ఎగువ నుంచి దిగువ దాకా, రెండు ఒడ్డులా, నేల మీదా చెట్ల మీదా బోనులు పెట్టారు. వాలెస్ చెప్పింది నిజమా అని పరీక్షించడం కూడా ఆ పనిలో భాగం. ప్రతి జంతువుకీ చర్మం, పుర్రె, క్రోమోజోములు, డీఎన్ఏ కోసం కణజాలం, ఖచ్చితమైన చోటు, అన్నీ ఒకే నంబర్ కింద.

ఫలితం ఎవరూ ఊహించనిది. చాలా జాతుల్లో డీఎన్ఏ తేడా ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్య కాకుండా, నది ఎగువకీ దిగువకీ మధ్య ఉంది. నేల కింద ఎప్పుడో పైకి లేచిన రాతి వంపు వల్ల ఈ విభజన వచ్చి ఉండొచ్చని వాళ్లు ప్రతిపాదించారు. కనీసం ఈ నది విషయంలో, పైకి కనిపించే గోడ అసలు గోడ కాదన్నమాట. వాలెస్ జవాబు ఇక్కడ సరిపోలేదు. కానీ వాలెస్ అడిగినట్టు లేబుల్ సరిగ్గా రాశారు కాబట్టే ఆ సంగతి తెలిసింది.

1998లో ద సిల్వా ఆ పశ్చిమ అమెజాన్ నుంచి ఒకే పేపర్‌లో నాలుగు కొత్త ముళ్ల ఎలుక జాతుల్ని ప్రకటించారు. ఒకటి ప్యాటన్ పేరు మీద, ఒకటి గార్డ్‌నర్ పేరు మీద. ఒకటి దాని ముళ్ల బొచ్చుని బట్టి ఎకినోథ్రిక్స్. నాలుగోది కులినై, ఆ జురువా ప్రాంతంలో బతికే కులినా ఆదివాసీల పేరు మీద. నాకు ఈ చివరి పేరు బాగా నచ్చింది. నది దాటి వెళ్లి కావలసిన జంతువుని తెచ్చుకునే వేటగాళ్ల గురించి వాలెస్ రాసిన 146 ఏళ్లకి, అలాంటి మనుషుల పేరు లేబుల్ మీదకి ఎక్కింది.

మరి పుండు సంగతి? అది చెప్పకుండా ఎపిసోడ్ ముగిస్తే మీరు ఊరుకోరు.

1980ల మొదట్లో ఫ్రెంచ్ గయానా పరిశోధకులకి జవాబు దొరికింది. లీష్మానియా గయానెన్సిస్‌కి ముఖ్యమైన రిజర్వాయర్ ముళ్ల ఎలుక కాదు. చెట్ల పైన తలకిందులుగా వేలాడే రెండు వేళ్ల స్లాత్! ఇన్నాళ్లూ నేల మీద ముళ్ల ఎలుకని అనుమానంగా చూశారు, అసలు మనిషి పై అంతస్తులో ఉన్నాడు. అయితే ఎలుక పూర్తిగా నిర్దోషి కూడా కాదు. దీని చుట్టం ఇంకో పరాన్నజీవి ఉంది, లీష్మానియా అమెజానెన్సిస్. 1972లో బ్రెజిల్‌లోని బెలెంలో పనిచేసే రాల్ఫ్ లైన్సన్, జెఫ్రీ షా దీనికి పేరు పెట్టారు. నేలకి దగ్గరగా ఎగిరే ఒక రకం శాండ్‌ఫ్లై దీన్ని మోస్తుంది. దీని రిజర్వాయర్లలో ముఖ్యమైంది ముళ్ల ఎలుకే.

అంటే రెండు పరాన్నజీవులు, రెండు ఈగలు, రెండు అంతస్తులు, రెండు రకాల జంతువులు. ఇందులో ఏ ఒక్క జతని ‘చూడటానికి ఒకటే కదా’ అని కలిపేసినా లెక్క మొత్తం తప్పుతుంది.

ఇక్కడే రాస్ గుర్తొస్తారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారని స్కూల్లో చదువుకున్నాం. స్కూల్లో చెప్పనిది ఏంటంటే, అంతకు ముందు రెండేళ్లు ఆయన దోమల్ని కోస్తూనే ఉన్నారు, ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన కోసినవి వేరే రకాల దోమలు. రెక్కల మీద మచ్చలున్న దోమల్ని, అంటే మనం ఇప్పుడు అనాఫిలిస్ అనే రకాన్ని, కోసిన తర్వాతే దొరికింది. మైక్రోస్కోప్ అదే, మనిషి అదే, కష్టం అదే. మారింది దోమ జాతి ఒక్కటే.

కాబట్టి ‘ఎన్ని ఎలుకలైతే మనకేంటి’ అనే ప్రశ్నకి జవాబు ఇదే. తప్పు జంతువుని కోస్తే సంవత్సరాలు పోతాయి. అంతే కాదు, అరుదైన జాతిని మామూలు జాతితో కలిపేస్తే, అరుదైనది అంతరించిపోయినా మనకి తెలియదు. లెక్కలో అది అసలు లేదు కదా, తగ్గినట్టు ఎలా తెలుస్తుంది?

ఈరోజు మీరు ఆ అడవికి వెళ్లి ఒక ముళ్ల ఎలుక ఫోటో తీస్తే, ఏ యాప్‌కి అప్‌లోడ్ చేసినా నమ్మకంగా చెప్పగలిగేది ప్రజాతి వరకే, ప్రోఎకిమిస్ అని. ఇరవైకి పైగా ఉన్న జాతుల్లో అది ఏదో తేల్చాలంటే చోటు కావాలి, వయసు తెలియాలి, పుర్రె చూడాలి, క్రోమోజోములో డీఎన్ఏనో కావాలి. ఒక్క గుర్తు చాలదు. నాలుగు సాక్ష్యాలు ఒకే మాట చెప్పినప్పుడే ఒక పేరు నిలబడుతుంది.

మన సామెత ఒకటుంది, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని. ఇంత కష్టానికి ఇంతేనా అని వెక్కిరించడానికి వాడతాం. ఈ ఎపిసోడ్ కోసం చదువుతున్నంతసేపూ నాకు ఆ సామెత తిరగబడినట్టే అనిపించింది. ఎలుకని పట్టడం తేలికే, బోను పెడితే పడుతుంది. కొండంత పని అది పడిన తర్వాత మొదలవుతుంది, అది ఏ ఎలుకో చెప్పడానికి.

ఈసారి మీ ఫోన్‌లో ఏ పురుగో పిట్టో ఫోటో తీస్తే ఒక పని చేయండి. లొకేషన్, తేదీ పక్కన రాసి పెట్టుకోండి. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. పేరు ఎవరో ఒకరు తర్వాత పెడతారు, 175 ఏళ్ల తర్వాతైనా. ఎక్కడ చూశారన్నది మాత్రం మీరు ఇప్పుడు రాయకపోతే ఇంకెవరూ రాయలేరు.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.